ఎండ తిని బతికే గడ్డి గులాబీ

గడ్డి గులాబీ చచ్చిపోయిందని ఎవరైనా బాధపడితే నేను ముందు అడిగేది, నీళ్లు ఎన్నాళ్లకోసారి పోశారు అని. రోజూ పోశాం, ఒక్క పూట కూడా మర్చిపోలేదు అంటారు. పాపం, అంత శ్రద్ధ పెట్టారు కాబట్టే అది చచ్చిపోయింది. ఈ మొక్కకి మనం ఇవ్వగలిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఎండ, ఆ తర్వాత నీరు నిలవని నేల. మిగతావన్నీ వీటి తర్వాతే. ఎందుకలా అనేది దాని ఆకు లోపలే ఉంది, ఆ సంగతి ఒకసారి అర్థమైతే పెంపకం గురించి ఎవరినీ అడగక్కర్లేదు.

నాచు పూలనీ, టేబుల్ రోజ్ అనీ, మాస్ రోజ్ అనీ అనేది దీన్నే. శాస్త్రీయ నామం పోర్చులాకా గ్రాండిఫ్లోరా. జానెడు ఎత్తు కూడా లేవకుండా నేల మీద పాకుతూ అడుగు వెడల్పు దాకా పరుచుకుంటుంది. ఎర్రటి కండ కాడలు, సూదుల్లా గుండ్రంగా సాగిన చిన్న ఆకులు, ఆకు మొదట్లో తెల్లటి నూగు, కొమ్మల చివర మొగ్గల గుత్తులు. గంగవాయిలి దీనికి దగ్గర చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. ఆకులు వెడల్పుగా, బల్లపరుపుగా ఉండి ఇలాంటి పూలే పూసే రకాలు కూడా కుండీల్లో చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పోర్చులాకా అంబ్రాటికోలా అనే ఇంకో జాతికి చెందినవి. పెంపకంలో రెండిటికీ పెద్ద తేడా లేదు కాబట్టి ఇక్కడ చెప్పేది దానికీ పనికొస్తుంది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా: అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్. జాన్ గిలీస్ అనే స్కాట్లండ్ వైద్యుడు అర్జెంటీనాలో మెండోసా దగ్గర, ఆండీస్ కొండల పాదాల వైపు ఇసుక నేలల్లో దీన్ని చూశాడు. ఆ మొక్కలు పరుచుకున్న మేర నేలంతా ఊదారంగు తేలి, మధ్యమధ్య నారింజ రంగు మచ్చలు కనిపించాయని ఆయన రాసుకున్నాడు. 1829లో విలియం జాక్సన్ హుకర్ అనే ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మెండోసా ప్రాంతం చాలా పొడి ప్రదేశం, ఆండీస్ కొండలు పసిఫిక్ నుంచి వచ్చే తేమను ఆపేస్తాయి. వాన ఎప్పుడో వస్తుంది, వచ్చినా ఇసుకలోంచి చకచకా దిగిపోతుంది, ఆ తర్వాత మళ్లీ ఎండే ఎండ. ఆ నేలకి తగ్గట్టు తయారైన మొక్క ఇది.

ఇప్పుడు ఒక ఆకు తుంచి, పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. అంచు చుట్టూ సన్నటి పచ్చ వలయం, మధ్యలో మాత్రం దాదాపు రంగు లేకుండా నీటితో మెరిసే గుజ్జు. ఆ గుజ్జు నీళ్ల నిల్వ. ఆహారం తయారయ్యే పనంతా ప్రధానంగా ఆ పచ్చ వలయంలో జరుగుతుంది, ఈనెలు కూడా అక్కడే వలయంలా అమరి ఉంటాయి. మామూలు మొక్కల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకునే పని రుబిస్కో అనే ఎంజైమ్‌ది. వేడి పెరిగేకొద్దీ అది పొరపాటున ఆక్సిజన్‌ను కూడా ఎక్కువగా పట్టుకుంటుంది, దాంతో చేసిన పనిలో కొంత వృథా అవుతుంది. గడ్డి గులాబీలో ఆ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ఇది సి4 మొక్క: ముందు వేరే ఎంజైమ్ ఒకటి కార్బన్ డయాక్సైడును పట్టి ఆమ్లంగా మార్చి లోపలి కణాలకి పంపిస్తుంది, అక్కడ అది మళ్లీ విడుదలై రుబిస్కో చుట్టూ దట్టంగా చేరుతుంది, ఆక్సిజన్‌కి చోటు మిగలదు. మొక్కజొన్న, చెరకు చేసేదీ ఇదే. అందుకే ఇవన్నీ మండుటెండలో కూడా జోరుగా పెరుగుతాయి.

ఇంతవరకూ విశేషమే గానీ వింత కాదు. వింత ఏమిటంటే, నీళ్లు కరువైనప్పుడు ఇదే మొక్క ఇంకో పద్ధతి కూడా మొదలుపెడుతుంది. బ్రహ్మజెముడు లాంటి ఎడారి మొక్కలు పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా దాచుకుని మర్నాడు వాడుకుంటాయి. దీన్ని సీఏఎం పద్ధతి అంటారు. గడ్డి గులాబీకి నీటి ఎద్దడి వస్తే కాండంలోనూ, ఆకు మధ్య నీటి గుజ్జులోనూ రాత్రిపూట ఇలా ఆమ్లం చేరుతుంది. శ్వాసలో బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడును కూడా వదలకుండా అది మళ్లీ వాడుకుంటుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదు. రెండూ ఆమ్లం తయారీ మీదే ఆధారపడతాయి కాబట్టి ఒకే ఆకులో కలిసి పనిచేయటం కష్టమని చాలాకాలం అనుకున్నారు. 2022లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గంగవాయిలి ఆకుల్ని పరిశీలించి, అందులో ఈ రెండూ వేర్వేరుగా కాకుండా ఒకే కణాల్లో కలగలిసి నడుస్తున్నాయని సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ప్రచురించారు. వేడినీ కరువునీ రెండిటినీ తట్టుకునే పంటల గురించి ఆలోచించేవాళ్లకి ఈ చిన్న పాకుడు మొక్కల మీద అంత ఆసక్తి ఉండటానికి కారణం ఇదే.

ఇక నీళ్ల విషయానికి వద్దాం. ఆకులో నిల్వ ఉంది, కరువు వస్తే నడిచే యంత్రాంగం ఉంది, కాబట్టి మట్టి రెండు మూడు రోజులు పూర్తిగా ఎండిపోయినా దీనికేమీ కాదు. మట్టి తడిగా ఉండిపోతే మాత్రం వేర్లకి గాలి ఆడదు, బూజులు చేరతాయి, కాండం మొదలు మెత్తబడి నల్లగా మారుతుంది. అప్పుడు పైన ఆకులు వాడినట్టు కనబడతాయి. చూసినవాళ్లు దాహం వేసిందేమో అనుకుని ఇంకాసిని నీళ్లు పోస్తారు, దాంతో కథ ముగుస్తుంది. కాబట్టి ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూడటం అలవాటు చేసుకోండి. గట్టిగా, నున్నగా ఉంటే నీళ్లు అక్కర్లేదు. కాస్త ముడతలు పడి మెత్తగా తగిలితే, మట్టి కూడా ఒక అంగుళం లోతు దాకా పొడిగా ఉంటే, కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా ఒకేసారి పోసి మళ్లీ ఎండేవరకూ వదిలేయండి. ముడతలు లేకుండా కాడ మొదలు మెత్తబడితే అది దాహం కాదు, కుళ్లు. వెంటనే పైన బాగున్న కొమ్మలు తుంచి వేరే చోట నాటుకుంటే కనీసం ఆ రకమైనా దక్కుతుంది.

మట్టి గుల్లగా ఉండాలి. తోట మట్టిలో సగం దాకా ముతక ఇసుక కలిపితే చాలు. కుండీ లోతు ఎక్కువ అక్కర్లేదు, వెడల్పు కావాలి, అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎరువుల దగ్గర చెయ్యి బిగపట్టుకోవాలి. నత్రజని ఎక్కువైతే కాడలు పొడుగ్గా సాగి ఆకులు విరగకాస్తాయి, పూలు తగ్గిపోతాయి. నాటేటప్పుడు కాస్త వర్మీకంపోస్ట్ కలిపితే నేల మీద పెరిగే మొక్కకి ఆ పూత కాలమంతా సరిపోతుంది.

ఎండ మాత్రం కనీసం ఆరు గంటలు నేరుగా పడాలి, ఇందులో బేరం లేదు. నీడలో మొక్క బతకదని కాదు, బతుకుతుంది, కానీ మొగ్గలు విచ్చవు. పూలు తెరుచుకోవటం వెలుతురు మీదా వెచ్చదనం మీదా ఆధారపడి ఉంటుంది. పొద్దెక్కాక విచ్చుకుంటాయి, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి, మబ్బు పట్టిన రోజున చాలా మొగ్గలు అసలు తెరుచుకోవు. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. సాయంత్రానికి రేకులు వాడి, మర్నాటికి జిగటగా రంగు నీళ్లు కారే ముద్దలా మారిపోతాయి. పూలు రాలిపోతున్నాయి, ఏదో తెగులు వచ్చిందని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. అది తెగులు కాదు, దాని తీరే అంత. పక్కన రేపటి మొగ్గ సిద్ధంగా ఉందా లేదా అని చూసుకోండి, అది ఉంటే మొక్క బాగున్నట్టే.

పువ్వు విచ్చిన రోజున చేసి చూడాల్సిన పని ఒకటుంది. ఒంటిరేక పువ్వు తీసుకోండి, అంటే అయిదు రేకులున్నది. మధ్యలో పసుపు పుప్పొడి తిత్తులతో పదుల కొద్దీ కేసరాలు గుబురుగా ఉంటాయి. సన్నటి గడ్డిపరకతో ఒక పక్క నుంచి వాటిని నెమ్మదిగా తాకి, చెయ్యి తీసేసి, ఊపిరి బిగబట్టి చూడండి, ఎందుకంటే ఊపిరి గాలికి కూడా అవి ఊగుతాయి. కొన్ని క్షణాల్లో కేసరాలు తాకిడి వచ్చిన వైపుకి వాలతాయి. తేనెటీగ వచ్చి కేసరాల మధ్య తిరిగినప్పుడు పుప్పొడి దాని ఒంటికి బాగా అంటటానికి ఇది పనికొస్తుంది. మొక్క కదలటం చూడాలంటే అత్తిపత్తే అక్కర్లేదు! ముద్ద పువ్వుల్లో ఈ సరదా తక్కువ, కేసరాల్లో చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. అందుకే వాటికి గింజలు కూడా తక్కువ. నాకైతే ఒంటిరేకవే ఇష్టం, తేనెటీగలకి కూడా.

రంగుల సంగతి కూడా ఆసక్తిగా ఉంటుంది. గులాబీ, మందారం లాంటి చాలా పూలలో ఎరుపు, ఊదా రంగులు ఆంథోసయనిన్ల వల్ల వస్తాయి. గడ్డి గులాబీలో అవి లేవు. ఇందులో ఉన్నవి బీటాలైన్లు, అంటే బీట్‌రూట్ రంగు పదార్థాల కుటుంబం. వీటిలో ఎరుపు-ఊదా ఇచ్చేవి కొన్ని, పసుపు ఇచ్చేవి కొన్ని. రెండూ కలిస్తే నారింజ, ఏవీ తయారు కాకపోతే తెలుపు. ఇప్పటివరకూ చూసిన మొక్కల్లో ఆంథోసయనిన్లూ బీటాలైన్లూ సహజంగా రెండూ కలిసి ఉన్నది దొరకలేదు, ఏదో ఒకటే ఉంటుంది. బీటాలైన్ల తయారీలో కీలకమైన ఒక ఎంజైమ్ తాలూకు జన్యువును మొక్కల్లో మొదట గుర్తించింది ఈ గడ్డి గులాబీలోనే, 2004లో. రంగురంగుల రకాలు ఇంత సులువుగా దొరికే మొక్క కాబట్టి, రంగు ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి పోల్చటం కుదిరింది.

కొత్త మొక్కలు చేసుకోవటానికి కొమ్మ ముక్క చాలు. వేలెడు పొడుగు కొస తుంచి, కింది ఆకులు తీసేసి, తుంచిన చోటు ఆరేదాకా కొన్ని గంటలు నీడలో ఉంచి, కాస్త తడిగా ఉన్న ఇసుక మట్టిలో గుచ్చండి. ఒకటి రెండు వారాల్లో వేళ్లు వస్తాయి. ఇలా వచ్చిన మొక్క తల్లిలాగే, అదే రంగులో పూస్తుంది. గింజలతో అయితే ఆ నమ్మకం లేదు, తల్లి ఎరుపైతే పిల్ల ఏ రంగైనా కావచ్చు.

అయినా గింజలు ఒకసారి చూడాలి. కాయ పండాక దాని పైభాగం భరిణె మూతలా చుట్టూ తెగి ఊడి వస్తుంది, అడుగున గిన్నెలో ఉక్కు రంగులో మెరిసే గింజలు కుప్పగా ఉంటాయి. గ్రాముకి దాదాపు 10,000 తూగేంత చిన్నవి. మొలవటానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి కప్పకండి. పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి, నీళ్లు తుంపరగా కొట్టండి. 21 నుంచి 27 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు వారాల్లో మొలకలొస్తాయి. కుండతో నీళ్లు గుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి.

నేల కప్పటానికి వేసేటప్పుడు జానెడు, జానెడున్నర ఎడంతో నాటితే ఒక పూత కాలంలోనే కలిసిపోతాయి. అయితే మొదటి నెలలో కలుపు చేత్తో ఏరాల్సిందే, ఆ పని తప్పించుకోలేం. ఒకసారి కప్పేశాక కింద నేలకి వెలుతురు అందదు, వెలుతురు కావలసిన కలుపు గింజలు మొలవవు. గడ్డి గులాబీ సొంత గింజలు కూడా అక్కడ మొలవవు, అవి చాపలా పరుచుకున్న మొక్కల అంచుల్లోనూ ఖాళీల్లోనూ లేస్తాయి, అందుకే ఖాళీ పడినచోటు తనంతట తనే పూడుతుంటుంది. కొసలు అప్పుడప్పుడు తుంచుతుంటే పక్క కొమ్మలు వచ్చి చాప ఒత్తుగా తయారవుతుంది, మొగ్గలు కొసల్లోనే వస్తాయి కాబట్టి కొసలు పెరిగితే పూలూ పెరుగుతాయి. కొన్ని నెలలకి మధ్యలో కాడలు బోసిపోతే మూడో వంతు మిగిల్చి కత్తిరించేయండి, లేదా కొత్త ముక్కలు గుచ్చండి. నాకు రెండోదే మంచి దారి అనిపిస్తుంది, ముసలి కాడ చిగురించేలోపు కొత్త ముక్క పూస్తుంది.

తెగుళ్లు తక్కువే. పిండినల్లి, పేనుబంక కనిపిస్తే నీళ్లను ధారగా కొట్టి కడిగి, మొక్కను ఎండలో ఆరనివ్వాలి. ఆకుల మీద తెల్లటి బొబ్బల్లాంటివి వస్తే అది తెల్ల కుంకుమ తెగులు, ఆ కొమ్మలు తీసి దూరంగా పారేయాలి, పక్క మొక్కల మీద నీళ్లు చిలకటం ఆపాలి. ఆకుల్లో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి కుక్కలూ పిల్లులూ వీటిని ఎక్కువగా నమలకుండా చూసుకోవాలి. మంచు గడ్డకట్టే చలిని మాత్రం ఇది అస్సలు తట్టుకోదు, అలాంటి చోట్ల ఏటా మళ్లీ వేసుకోవాల్సిందే. రంగు పోగొట్టుకోవటం ఇష్టం లేకపోతే చలి మొదలవకముందే నాలుగు కొసలు తుంచి చిన్న కుండీలో గుచ్చి, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ ఎండ పడే కిటికీలో పెట్టి, ఆకు ముడతపడినప్పుడు మాత్రమే నీళ్లివ్వండి. ఆ నెలల్లో పూలు రాకపోయినా పర్వాలేదు, చలి తగ్గాక ఆ నాలుగు కొమ్మల నుంచే కావలసినన్ని ముక్కలు తీసుకుని నేల మీద నాటుకోవచ్చు.