కుక్కర్ కూత గేమ్‌లోకి ఎలా వచ్చింది? రికార్డింగ్ శబ్దంపై అపోహలు, వాస్తవాలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీది గదిలో వీడియో ఎడిటింగ్ చేస్తుంటాను. పెళ్లి వీడియోలతో మొదలుపెట్టాను. ఇప్పుడు వచ్చే పనిలో సగం గేమింగ్ ఛానెళ్లు నడిపే కుర్రాళ్లదే. మొన్న వేసవిలో వారిలో ఒకడు పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు గంటల ఆట. చివర్లో శత్రువు మెట్లెక్కి వస్తున్న అడుగుల చప్పుడే ఆ వీడియోకు ప్రాణం. సరిగ్గా అక్కడే వాళ్ల వంటింట్లో కుక్కర్ మూడు కూతలు వేసింది. రెండో కూత ఆగీ ఆగకముందే వాళ్లమ్మ గొంతు: "అన్నం చల్లారిపోతోందిరా, వస్తావా రావా?"

"అన్నయ్యా, కూతలు తీసేసి అడుగుల చప్పుడు మాత్రం ఉంచండి" అన్నాడు, చొక్కా మీది దుమ్ము దులపమన్నంత తేలిగ్గా.

అన్నీ ఒకే ట్రాకులో, అంటే ఒకే శబ్దపు పొరలో ఉన్నాయి. తెర మీద చూస్తే కూత కింది నుంచి పై దాకా తెల్లటి గోడలా పరుచుకుంది. అడుగులు ఆ గోడలోనే ఎక్కడో ఉన్నాయి. కూత తగ్గించిన ప్రతిసారీ అడుగులూ తగ్గాయి, చివరికి ఎవరో నీళ్లలో నడుస్తున్నట్టు తయారయ్యాయి. ఆ అర నిమిషాన్నీ సంగీతంతో కప్పేసి ఇచ్చాను. వాడికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. అప్పటి నుంచి వచ్చినవాళ్లందరికీ చెప్పిన మాటే చెబుతున్నాను కాబట్టి, గేమ్ శబ్దాన్నీ మైకు శబ్దాన్నీ విడివిడిగా రికార్డు చేయడం గురించి ఒకసారి రాసిపెడితే మేలనిపించింది.

అపోహ: ఎలా రికార్డు చేసినా తర్వాత ఏఐ వేరుచేసేస్తుంది.

పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస గురించి పద్యాల్లో చదువుకున్నాం. సాఫ్ట్‌వేర్‌లో ఆ హంస ఇంకా పుట్టలేదు. డీజర్ సంస్థ 2019లో విడుదల చేసిన స్ప్లీటర్, ఫేస్‌బుక్ పరిశోధకుల డెమక్స్ లాంటి ఏఐ సాధనాలు ప్రధానంగా పాటల మీద శిక్షణ పొందాయి. గొంతు, డ్రమ్స్, బేస్, మిగిలినవి అని విడదీయడం వాటి పని. మీ గొంతు ఒకటి, ఆటలో పాత్ర గొంతు వేరొకటి అని వాటికి తెలియదు. రెండూ గొంతులే కాబట్టి ఒకే బుట్టలో వేస్తాయి. తుపాకీ మోతలు డ్రమ్స్ వైపు పోవడం నేనే చూశాను. నేనూ వాటిని వాడతాను, కానీ దెబ్బ తగిలాక కట్టే కట్టులాగా.

అపోహ: గేమ్ శబ్దంలో ఫ్యాను చప్పుడు పడుతోంది.

కంప్యూటర్ లోపలి నుంచి నేరుగా తీసుకునే గేమ్ శబ్దానికి గాలితో పని లేదు. అంకెలుగా పుట్టి అంకెలుగానే ఫైల్లోకి చేరుతుంది. ఫ్యాను, కుక్కర్, కింద వీధిలో కూరగాయల బండి కేక, ఇవన్నీ రావడానికి ఉన్న తలుపు ఒక్కటే: మైకు. నమ్మకం కలగకపోతే మైకు ఆపి ఒక్క నిమిషం రికార్డు చేసి వినండి. స్పీకర్లలో ఆట పెట్టుకుని మైకు తెరిస్తే గేమ్ శబ్దం కూడా ఆ తలుపులోంచి తిరిగి వచ్చి గొంతుకు అంటుకుంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

అపోహ: డెస్క్‌టాప్ ఆడియో అంటే గేమ్ ఆడియోనే.

నా దగ్గరికి వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. డెస్క్‌టాప్ ఆడియో అంటే కంప్యూటర్ స్పీకర్‌కు పంపే ప్రతి శబ్దమూ. వాట్సాప్ టింగుమన్నా, బ్రౌజర్‌లో పాట మోగినా, ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో స్నేహితుడు దగ్గినా అందులో చేరుతుంది. పాట చేరిందంటే యూట్యూబ్‌లో కాపీరైట్ తలనొప్పి అదనం.

తెరను రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోలో 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ అనే సదుపాయం ఉంది. విండోస్ 10లో 2004 అనే వెర్షన్ (అది సంవత్సరం కాదు) గానీ, ఆ తర్వాతిది గానీ ఉండాలి. దాన్ని జోడించి గేమ్‌ను ఎంచుకుంటే ఆ గేమ్ శబ్దం ఒక్కటే వస్తుంది. డిస్కార్డ్‌కు ఇంకొకటి జోడించుకోవచ్చు.

అయితే దీన్ని జోడించినవాళ్లు డెస్క్‌టాప్ ఆడియోను ఆపడం మరిచిపోతారు. అప్పుడు గేమ్ శబ్దం రెండు దారుల్లో వస్తుంది. రెండింటి మధ్య రవ్వంత తేడా ఉంటే చాలు, రేకుల డబ్బాలోంచి వినిపించినట్టుంటుంది. "గేమ్ పాడైపోయింది" అని ఒకడు ఆటను మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించుకున్నాడు. సెట్టింగ్స్‌లో ఆడియోలోకి వెళ్లి డెస్క్‌టాప్ ఆడియోను డిసేబుల్ చేస్తే సరిపోయేది.

బ్రౌజర్‌లో ఆడే గేమ్ అయితే, బ్రౌజర్‌ను ఎంచుకున్నప్పుడు పక్క ట్యాబుల శబ్దం కూడా వస్తుంది. ఇంకో చిక్కు: ఆటలోనే ఉండే వాయిస్ చాట్‌ను ఈ పద్ధతిలో విడదీయలేరు. అది గేమ్ లోపలే కలిసిపోయి బయటికొస్తుంది. జట్టులో తెలియనివాళ్ల బూతులు వీడియోలో వద్దనుకుంటే గేమ్ సెట్టింగ్స్‌లోనే వాయిస్ చాట్ ఆపేసి, స్నేహితులతో డిస్కార్డ్‌లో మాట్లాడుకోండి. రికార్డు చేస్తున్నామని వాళ్లకు ముందే చెప్పడం మర్యాద.

అపోహ: ట్రాకులు వేరుచేస్తే నా గొంతు పోయింది.

పోలేదు. ఓబీఎస్ ఒక రికార్డింగులో ఆరు ట్రాకుల దాకా ఇస్తుంది, మామూలు వీడియో ప్లేయర్ మాత్రం ఒకసారికి ఒక్కటే వినిపిస్తుంది. మొదటి ట్రాకులో అన్నీ కలిపి, రెండులో గేమ్, మూడులో మైకు, నాలుగులో స్నేహితులు పెట్టుకోమంటాను. వినడానికి మొదటిది, ఎడిటింగుకు మిగిలినవి. రికార్డింగ్ సెట్టింగ్స్‌లోనూ, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లోనూ రెండు చోట్లా టిక్కులు సరిచూసుకోవాలి. ఒకచోట చూసి రెండోది మరిచినవాళ్ల ఫైళ్లలో ట్రాకులు రాకపోవడమో, అన్నింట్లోనూ ఒకే శబ్దం ఉండడమో జరుగుతుంది.

కుక్కర్ కుర్రాడు తర్వాతి వీడియో ఇలాగే నాలుగు ట్రాకులతో తెచ్చాడు. ఈసారీ కుక్కర్ మోగింది. మైకు ట్రాకులో ఆ పది సెకన్లు కోసేశాను. పని అర నిమిషంలో అయిపోయింది, గేమ్ ట్రాకుకు చీమ కుట్టినట్టు కూడా తెలియలేదు.

ఫైలు ఎమ్‌కేవీ ఫార్మాట్‌లో పెట్టుకోండి. మన వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. మామూలు ఎమ్‌పీ4 రికార్డింగ్ మధ్యలో ఆగితే ఫైలు తెరుచుకోకపోవచ్చు, ఎమ్‌కేవీలో ఆగిన క్షణం దాకా దాదాపు అంతా దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేస్తే, అంటే ఫార్మాట్ మాత్రం మారిస్తే, నాణ్యత తగ్గకుండా ఎమ్‌పీ4 అవుతుంది.

అపోహ: ఖరీదైన మైకు కొంటే బయటి చప్పుళ్లు రావు.

మే నెలలో విజయవాడలో ఫ్యాను ఆపి ఆడమని చెప్పే ధైర్యం నాకు లేదు. దూరం తగ్గించమంటాను. మైకుకూ నోటికీ మధ్య దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. బల్ల చివర 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 15కు తెస్తే 12 డెసిబెల్స్ లాభం. ఆ మేరకు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే సెట్టింగ్) తగ్గించండి, ఫ్యాను దానంతటదే వెనక్కి పోతుంది. ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకైతే దాని వెనక భాగం ఫ్యాను వైపో, కిటికీ వైపో ఉండేలా తిప్పండి. ఇంత చేశాక కూడా కొత్త మైకు కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోండి.

ఓబీఎస్‌లో మైకుకు పెట్టే నాయిస్ గేట్ ఫిల్టర్ మీదా జనానికి అతి నమ్మకం ఉంది. మీరు మౌనంగా ఉన్నప్పుడు తలుపు మూయడమే దాని పని. నోరు తెరవగానే తలుపు తెరుచుకుని మాటతోపాటు ఫ్యానూ లోపలికొస్తుంది. చప్పుడు తగ్గించే నాయిస్ సప్రెషన్ ఫిల్టర్‌లో ఉండే ఆర్‌ఎన్‌నాయిస్ పద్ధతి ఫ్యాను లాంటి నిలకడైన మోత మీద బాగా పనిచేస్తుంది. ఉన్నట్టుండి మోగే కూత, హారన్ మీద అంత నమ్మకం పెట్టుకోలేం. దాన్ని మైకుకే పెట్టండి, గేమ్ ట్రాకుకు పెడితే వాన చప్పుడూ గాలి హోరూ చెత్త అనుకుని ఊడ్చేస్తుంది.

అపోహ: గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలు.

చాలదు. బయటి హారన్‌ను ఆపాలంటే బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. గదిలో ప్రతిధ్వని తగ్గడానికైతే ఆ అట్టలకన్నా పరుపు, దుప్పట్లే నయం.

అపోహ: ఫోనులో ఇవేవీ కుదరవు.

కొంత కుదురుతుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి మైకుతో పనిలేకుండా లోపలి శబ్దాన్ని రికార్డు చేసే వీలుంది, గేమ్ తయారుచేసినవాళ్లు వద్దనకపోతే. స్క్రీన్ రికార్డర్‌లో శబ్దం ఎక్కడి నుంచి అనే చోట మైకు కాకుండా లోపలి ఆడియోను ఎంచుకోవాలి. వాయిస్ చాట్‌లో స్నేహితుల మాటలు మాత్రం ఈ దారిలో రావు. చాట్ నడుస్తుండగా రికార్డర్‌కు మీ గొంతు అందకపోవడమూ తరచూ జరుగుతుంది. అప్పుడు ఇంట్లో ఉన్న రెండో ఫోనులో వాయిస్ రికార్డర్ పెట్టి మీ మాటను విడిగా పట్టండి. మొదట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకుండా గేమ్ మెనూలో ఒక బటన్ నొక్కండి. ఆ టక్కుమనే చప్పుడు రెండు రికార్డింగుల్లోనూ పడుతుంది. ఎడిటింగులో ఆ రెండు టక్కులనూ ఒకదాని కింద ఒకటి పెడితే మిగతా ఆట చాలావరకు కలిసిపోతుంది.