గ్యాస్ కోసం తడితే ఏరు దొరికింది

మా వీధికి పైపు గ్యాస్ వచ్చిన వారానికి పక్కింటి పదో తరగతి పిల్లవాడు అడిగాడు: "అంకుల్, తిరుమల కొండ కింద గ్యాస్ ఉండదా?"

ఉండదనే అనాలి. ఘాట్ రోడ్డు మలుపులో రాతిని చూడండి. కింద సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని నెత్తిన 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. నడుమ 80 కోట్ల ఏళ్లకు పైగా చరిత్ర గల్లంతు! గ్యాస్ నిలవాలంటే పైన గట్టి మూత కావాలి. ఇక్కడి రాయి పగుళ్లతో ఆకాశానికి తెరుచుకుని ఉంది.

మూత అమరిన చోటు ఇంగ్లండ్ తూర్పు తీరానికి అవతల, సముద్రం కింద ఉన్న లెమన్ గ్యాస్ క్షేత్రం. 30 కోట్ల ఏళ్ల నాటి చిత్తడి అడవులు బొగ్గయి, ఆ బొగ్గు లోపలి వేడికి ఉడికి మీథేన్ వదిలింది. అది పైనున్న ఇసుకరాయిలోకి ఎక్కితే, ఎండిన సముద్రపు ఉప్పు దాన్ని ఇడ్లీ పాత్ర మూతలా బిగించింది. 1966లో బయటపడింది.

అదే లెమన్ దగ్గర 1931లో కొలిండా అనే చేపల ఓడ వలలో పీట్ గడ్డ, అంటే చిత్తడి నేలలో మొక్కలు సగం కుళ్లి పేరుకున్న మట్టిగడ్డ, పడింది. పగలగొడితే కొమ్ముతో చెక్కిన ముళ్ల ఈటె మొన. నడిసముద్రంలో వేటగాడి ఈటె! బ్రిటన్‌ను యూరప్‌తో కలిపిన ఆ నేలను ఇప్పుడు డాగర్‌లాండ్ అంటున్నారు. మంచు కరిగి సముద్రం పెరిగి అది మునిగింది.

మా అమ్మ సిలిండర్‌ను వేలితో తట్టి గ్యాస్ ఎంతుందో చెప్పేది. సముద్రం అడుగున గ్యాస్ కోసం కంపెనీలు చేసే సీస్మిక్ సర్వే కూడా తట్టడమే. ఓడ నుంచి గాలి తుపాకీ పేలుస్తారు. నీటిలో ధ్వని వేగం సెకనుకు 1500 మీటర్లు కాబట్టి 30 మీటర్ల లోతున్న అడుగు నుంచి ప్రతిధ్వని 0.04 సెకన్లకే వస్తుంది. మూడు కిలోమీటర్ల లోతు రాతి నుంచి రావడానికి సుమారు రెండు సెకన్లు. కంపెనీలకు కావలసింది ఆ రెండో సెకను. మొదటి పదో వంతు సెకను వాళ్లకు చెత్త.

ఆ చెత్తే పురావస్తు శాస్త్రవేత్తలకు బంగారమైంది. సాంద్రతో, ధ్వని వేగమో మారిన చోటే శబ్దం వెనక్కి తిరుగుతుంది. పాత ఏటి గాడిలో నిండిన మెత్తటి ఒండ్రు, గట్టు మట్టి వేరు కదా! వేల ప్రతిధ్వనులను పేర్చి, ఒకే క్షణం దగ్గర దోసకాయలా అడ్డంగా కోస్తే ఏటి మెలికలు కనిపించాయి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలా నదులు, సరస్సులు, పాత తీరాలు గీశారు. ఒక నదికి షాటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేరు పెట్టారు. వాట్సాప్‌లో తిరిగే మునిగిన నగరాల బొమ్మలతో దీన్ని కలపకండి. వాటికి ప్రతిధ్వని ఉండదు.

విన్నాక పిల్లవాడు సిలిండర్ కోసం వెతికాడు. పైపు వచ్చాక వాళ్లింట్లో అది లేదు. వెళ్లి బియ్యం డబ్బా తట్టాడు.