లార్డ్స్ చుట్టూ ముళ్లకంచె: ఆటల బహిష్కరణ వాదన మలుపు తిరిగిన చోటు

పెద్ద పోటీ ఒకటి దగ్గరపడేసరికి పాత తగువు మళ్లీ రాజుకుంటుంది. ఆతిథ్య ప్రభుత్వం తీరు నచ్చనివాళ్లు టికెట్లు కొనొద్దంటారు, టీవీ కట్టేయమంటారు, అసలు జట్టునే పంపొద్దంటారు. ఆటలోకి రాజకీయం లాగొద్దని మిగతావాళ్లు కసురుకుంటారు. రెండు పక్షాలూ చరిత్రను సాక్ష్యానికి పిలుస్తాయి. చాలాసార్లు తప్పు సాక్షిని పిలుస్తాయి.

ఈ కథను 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి ఎత్తుకోవడం ఆనవాయితీ. అది అందరికీ తెలిసిందే కనుక వదిలేద్దాం. ఇవాళ్టి వాదనలో ముడి విప్పాలంటే చూడాల్సింది 1970 జనవరి నుంచి మే దాకా ఇంగ్లండ్‌లో గడిచిన అయిదు నెలలు. ఏ జట్టును రానివ్వాలన్నది అంతవరకూ బోర్డుల గదుల్లో తేలే విషయం. ఆ అయిదు నెలల్లో దాన్ని ప్రేక్షకులు తమ చేతుల్లోకి తీసుకున్నారు.

దారి తీసింది ఒక ఇన్నింగ్స్. బాసిల్ డి'ఒలివెరా కేప్‌టౌన్‌లో పుట్టాడు. తెల్లవాడు కాదు కనుక పుట్టిన దేశానికి ఆడే హక్కు లేదు. 1960లో ఇంగ్లండ్ చేరి లీగుల్లో ఆడుతూ, 1966లో ఇంగ్లండ్ టెస్టు జట్టులోకి వచ్చాడు. 1968 ఆగస్టులో ఆస్ట్రేలియాతో ఓవల్ టెస్టు. ఇంకొకరు తప్పుకోవడంతో చోటు దొరికితే 158 పరుగులు చేశాడు. కొద్ది రోజులకే దక్షిణాఫ్రికా పర్యటనకు జట్టును ప్రకటించారు, అందులో అతని పేరు లేదు. సెప్టెంబర్ 16న టామ్ కార్ట్‌రైట్ గాయంతో వైదొలిగాక అతన్ని తీసుకున్నారు. మర్నాడే దక్షిణాఫ్రికా ప్రధాని జాన్ వోర్‌స్టర్ ఈ జట్టు మాకు అక్కర్లేదని ప్రకటించాడు. వారం తిరిగేసరికి, అప్పట్లో ఇంగ్లండ్ జట్టును విదేశాలకు పంపే క్లబ్ ఎంసీసీ పర్యటనను రద్దు చేసుకుంది.

ఆటలోకి రాజకీయాన్ని ఎవరు తెచ్చారన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు చరిత్రలో అరుదుగా దొరుకుతుంది. ఎదుటి జట్టులో ఎవరు ఉండకూడదో చెప్పినవాడు దేశ ప్రధాని. ఇంత జరిగినా 1970 వేసవిలో అదే దక్షిణాఫ్రికా నుంచి తెల్లవారి జట్టును పిలవాలన్న నిర్ణయాన్ని ఇంగ్లండ్ క్రికెట్ పెద్దలు మార్చుకోలేదు.

1969 సెప్టెంబర్‌లో ‘స్టాప్ ద సెవెంటీ టూర్’ కమిటీ పుట్టింది. దాన్ని నడిపిన పీటర్ హెయిన్‌కు అప్పుడు 19 ఏళ్లు. ప్రిటోరియాలో పెరిగాడు. వర్ణవివక్షను ఎదిరించినందుకు ఆ కుటుంబం 1966లో దేశం వదలాల్సి వచ్చింది. క్రికెట్ వేసవిలో కదా, అంతకుముందు చలికాలంలో వచ్చిన దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు మీద కమిటీ కసరత్తు చేసుకుంది. ఆక్స్‌ఫర్డ్‌లో జరగాల్సిన మొదటి మ్యాచ్‌నే ట్వికెన్‌హామ్‌కు మార్చాల్సి వచ్చింది. బెల్‌ఫాస్ట్ మ్యాచ్ రద్దయింది. స్వాన్సీలో నిరసనకారులను నిర్వాహకుల మనుషులు చితకబాదారు. లండన్‌లో ఆటగాళ్లు కూర్చున్న బస్సును ఒక నిరసనకారుడు నడిపించుకుపోయాడు. ఆ జట్టు ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల చేతిలో ఓడి, వేల్స్, ఐర్లండ్‌లతో డ్రా చేసుకుని ఇంటికెళ్లింది.

అయినా రగ్బీ పర్యటన పూర్తయింది, క్రికెట్ పర్యటన మొదలే కాలేదు. తేడా ఆట తీరులోనే ఉంది. రగ్బీ ఎనభై నిమిషాల్లో ముగుస్తుంది. అంతసేపు మైదానం చుట్టూ పోలీసులను భుజం భుజం కలిపి నిలబెడితే గట్టెక్కవచ్చు. టెస్టు అయిదు రోజులు సాగుతుంది, మధ్యలో రాత్రులుంటాయి. 22 గజాల పిచ్ మీద ఒక్క గుంట తవ్వినా, ఒక డబ్బా నూనె ఒలికినా మ్యాచ్ పోతుంది. ఇది ఉత్త ఊహ అనుకోవడానికి లేదు. అయిదేళ్ల తర్వాత హెడింగ్లీలో ఇంగ్లండ్–ఆస్ట్రేలియా టెస్టు చివరి రోజు ఆట సరిగ్గా ఇలాగే ఆగిపోయింది. వేరే కేసులో జైలుకెళ్లిన మనిషిని విడిపించాలంటూ కొందరు రాత్రికి రాత్రి పిచ్ తవ్వి నూనె పోశారు.

1970 జనవరిలో ఒకే రాత్రి డజనుకు పైగా కౌంటీ మైదానాల్లోకి చొరబడి నినాదాలు రాశారు. కార్డిఫ్‌లో మైదానాన్ని తవ్వారు. లండన్ లార్డ్స్ మైదానానికి 300 చుట్టల ముళ్లతీగ వచ్చింది. ఫిబ్రవరిలో పర్యటనను 28 మ్యాచ్‌ల నుంచి 12కు కుదించారు. పిచ్ పాడైతే పనికొస్తుందని కృత్రిమ పిచ్‌ల మాటా ఎత్తారు. కాపలా ఖర్చు పెరుగుతూ పోయింది, గేటు వసూళ్ల మీద బతికే కౌంటీలకు ఆ లెక్క కుదరలేదు. ఈలోగా ఆఫ్రికా, ఆసియా దేశాలు ఆ జులైలో ఎడిన్‌బరాలో జరగాల్సిన కామన్వెల్త్ క్రీడలకు రామన్నాయి. జూన్ 18న సార్వత్రిక ఎన్నికలు. హోం మంత్రి జేమ్స్ కలహన్ అడిగాక, మే 22న క్రికెట్ కౌన్సిల్ పర్యటనను రద్దు చేసింది.

ఆ ఖాళీలో జరిగినదాన్ని చాలామంది మరిచిపోయారు. గ్యారీ సోబర్స్ కెప్టెన్‌గా ప్రపంచ జట్టు వచ్చి ఇంగ్లండ్‌తో అయిదు మ్యాచ్‌లు ఆడింది. అందులో దక్షిణాఫ్రికా తెల్ల ఆటగాళ్లు అయిదుగురున్నారు: గ్రేమ్ పొలాక్, పీటర్ పొలాక్, బ్యారీ రిచర్డ్స్, మైక్ ప్రాక్టర్, ఎడ్డీ బార్లో. మైదానం మీద ఎవరూ నూనె పోయలేదు. జనం కాదన్నది రంగు చూసి ఎంపిక చేసిన జట్టును. అదే మనుషులు నల్లజాతి కెప్టెన్ కింద ఆడితే చప్పట్లు కొట్టారు. 2024 పారిస్‌లో రష్యా, బెలారస్‌ల నుంచి 32 మంది జెండా, గీతం లేకుండా ‘తటస్థ’ క్రీడాకారులుగా పోటీపడ్డారు కదా, ఆ ఆలోచన మూలం ఇక్కడ కనిపిస్తుంది.

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి. రాకపోకలుంటేనే మనసులు మారతాయని, తలుపు మూస్తే మొండితనం పెరుగుతుందని, చూడాలనుకునేవాడి హక్కును అల్లరి చేసేవాడు కాజేయకూడదని క్రికెట్ పెద్దలు అన్నారు. చివరి మాటలో న్యాయముంది. మొదటి మాటకు జవాబు 1971 ఏప్రిల్ 3న కేప్‌టౌన్ న్యూలాండ్స్‌లో వచ్చింది. ఆస్ట్రేలియా పర్యటనకు ఇద్దరు తెల్లవారు కాని ఆటగాళ్లను తీసుకుంటామని దక్షిణాఫ్రికా బోర్డు అడిగితే ప్రభుత్వం కుదరదంది. పొలాక్, రిచర్డ్స్, ప్రాక్టర్ వంటి వాళ్లు ఒక్క బంతి పడగానే మైదానం వదిలి నడిచి, ప్రతిభను బట్టే ఎంపిక జరగాలని ప్రకటన ఇచ్చారు. దశాబ్దాల రాకపోకలు రప్పించలేని మాటను ఏడాది వెలివేత రప్పించింది. ఆ ఆస్ట్రేలియా పర్యటన కూడా డాన్ బ్రాడ్‌మన్ అధ్యక్షుడిగా ఉన్న ఆస్ట్రేలియా బోర్డు చేతుల్లోనే రద్దయింది. దక్షిణాఫ్రికా మళ్లీ టెస్టు ఆడింది 1992లో.

అక్కడి తెల్లవారు కాని క్రీడా సంఘాలే బయటి ప్రపంచాన్ని బహిష్కరించమని అడిగాయన్నది అన్నిటికంటే బరువైన సంగతి. ‘అసాధారణ సమాజంలో సాధారణ క్రీడ ఉండదు’ అన్నది వాళ్ల నినాదం. నష్టపోయేది మా ఆటే, అయినా ఆపండి అన్నారు. ఈ పిలుపు ఎవరి నోటి నుంచి వస్తోందో చూడకుండా బహిష్కరణ మంచిచెడ్డలు తేల్చేవాళ్లు కథలో సగం వదిలేస్తున్నారు.

దాన్ని గౌరవించినవాళ్లూ మూల్యం చెల్లించారు. 1974 డేవిస్ కప్ ఫైనల్ చేరిన భారత్, అవతల దక్షిణాఫ్రికా ఉందని ఆడలేదు. విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్‌లు మంచి ఊపులో ఉన్న రోజులవి. కప్పు వాకోవర్‌లో దక్షిణాఫ్రికాకు పోయింది.

ఇక మాస్కో. బహిష్కరణ అనగానే ముందుగా 1980 గుర్తుకు రావడం వల్లే ఈ చర్చ దారి తప్పుతుంది. అఫ్గానిస్తాన్ నుంచి సోవియట్ సేనలు నెల రోజుల్లో వెళ్లకపోతే క్రీడలకు రామని 1980 జనవరి 20న జిమ్మీ కార్టర్ గడువు పెట్టాడు. ఒలింపిక్ సంఘం చేతిలో లేని కోరిక అది. ఏ క్రీడా సంఘమూ సైన్యాన్ని వెనక్కి పిలవలేదు. బ్రిటన్‌లో కామన్స్ సభ 315–147 ఓట్లతో బహిష్కరణకు మొగ్గింది. ప్రభుత్వోద్యోగులైన క్రీడాకారులకు జీతంతో కూడిన సెలవు ఇవ్వబోమన్నారు. అయినా బ్రిటిష్ ఒలింపిక్ సంఘం జట్టును పంపింది. సెబాస్టియన్ కో, స్టీవ్ ఓవెట్ స్వర్ణాలు తెచ్చారు. అమెరికా ఒలింపిక్ సంఘానికి అలా ప్రభుత్వాన్ని కాదనే వీలు లేకపోయింది. ఆ జట్టుకు ఎంపికైనవారిలో 200 మందికి పైగా మరెప్పుడూ ఒలింపిక్స్ ఆడలేదు. ధాన్యం అమ్మకాలపై ఆంక్షలను మాత్రం 1981 ఏప్రిల్‌లోనే ఎత్తేశారు. సోవియట్ సేనలు పూర్తిగా వెళ్లిపోయింది 1989 ఫిబ్రవరిలో. రైతు ఓట్ల బెంగ ప్రభుత్వాన్ని కదిలించింది, ఈతగాళ్ల గోడు కదిలించలేదు. నాలుగేళ్లకు సోవియట్ కూటమి లాస్ ఏంజిలిస్‌కు వెళ్లకుండా బదులు తీర్చుకుంది. ఆ దెబ్బకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం (ఐఓసీ) నిబంధనలే మార్చింది. ఆహ్వానాలు ఆతిథ్య నగరం కాకుండా తానే పంపడం మొదలుపెట్టింది. జట్టును పంపడం జాతీయ ఒలింపిక్ సంఘాల బాధ్యతని చార్టర్‌లో ఇప్పుడు ఉంది.

2003 ప్రపంచకప్‌లో ఈ రెండు దారులూ ఒకేచోట కనిపించాయి. హరారేలో ఫిబ్రవరి 10న జింబాబ్వే ఆటగాళ్లు ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలాంగా తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని చేతికి నల్లపట్టీలు కట్టుకుని ఆడారు. ఇద్దరూ దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. మూడు రోజులకు అక్కడే ఆడాల్సిన ఇంగ్లండ్ వెళ్లలేదు. బ్రిటిష్ ప్రభుత్వం వెళ్లకపోతే మేలంది తప్ప వెళ్లొద్దని ఆదేశించలేదు. ఆదేశిస్తే పరిహారం మాట వస్తుంది. బోర్డు భద్రత కారణం చూపింది, పాయింట్లు జింబాబ్వేకు పోయాయి, ఇంగ్లండ్ తొలి దశలోనే ఇంటిముఖం పట్టింది. సలహా మంత్రులది, నష్టం జట్టుది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేశాక పోలండ్ ఫుట్‌బాల్ సంఘం, ఆటగాళ్లు ఇందుకు భిన్నంగా నడిచారు. రష్యా జెండా లేకుండా, వేరే పేరుతో, తటస్థ వేదికపై ఆడొచ్చని ఫిఫా 27న సర్దుబాటు ప్రతిపాదించింది. మార్చి 24న ప్రపంచకప్ అర్హత ప్లేఆఫ్‌లో రష్యాతో ఆడాల్సిన పోలండ్, ఏ పేరుతో వచ్చినా ఆడబోమంది. స్వీడన్, చెక్ రిపబ్లిక్ తోడయ్యాయి. మర్నాడే ఫిఫా, యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా రష్యాను సస్పెండ్ చేశాయి. ప్రపంచకప్ చోటును పణంగా పెట్టింది వాళ్లే కనుక ఆ మాటకు విలువ వచ్చింది. అదే ఏడాది ఖతార్‌లో ఏడు యూరప్ సంఘాలు వివక్షకు వ్యతిరేకంగా కెప్టెన్లకు ‘వన్ లవ్’ పట్టీ కడతామన్నాయి. పసుపు కార్డు చూపిస్తామనగానే నవంబర్ 21న మానుకున్నాయి.

ఖతార్‌లో పని చేసిన ఒత్తిడి అంతకు చాలా ముందుది. ఆతిథ్యం 2010 డిసెంబర్‌లో దక్కింది. వలస కార్మికుల విషయంలో 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఫిర్యాదు పడింది. 2018లో ఆ సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు, నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం 2020లో ప్రకటించిన సంస్కరణల్లో వచ్చాయి. అమలు లోపాల మీద ఫిర్యాదులు తీరలేదు. కానీ కదలిక వచ్చింది ఆతిథ్యం దక్కిన రోజుకూ తొలి మ్యాచ్‌కూ మధ్యనున్న పన్నెండేళ్లలోనే.

ఇవాళ టీవీ కట్టేయాలా అని అడిగేవాళ్లు ఈ కాలం లెక్క చూసుకోవాలి. ప్రసార హక్కుల డబ్బు ఏళ్ల ముందే ఒప్పందంలో రాసుకుంటారు. 2021 నుంచి 2032 దాకా ఆరు ఒలింపిక్స్‌కు ఎన్‌బీసీ 765 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నది 2014లో. పోటీ రోజున జనం చూడకపోతే నష్టం ముందు చానల్‌కు. ప్రకటనదారులకు మాటిచ్చినంతమంది చూడలేదు కనుక ఉచితంగా మరికొన్ని స్లాట్లు ఇచ్చుకోవాలి. నిర్వాహక సంఘానికి ఆ సెగ తగిలేది హక్కులు తిరిగి అమ్మేటప్పుడు. కొన్న టికెట్టు వాడకపోయినా డబ్బు నిర్వాహకుల దగ్గరే ఉంటుంది. పోటీ ముంగిట్లో ఇంకా చేతిలో ఉండేవి చిన్నవి: 2022లో పారిస్, మార్సెయ్ చేసినట్టు నగరం కూడళ్లలో పెద్ద తెరలు పెట్టకపోవడం, అదే ఏడాది బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు అమెరికా చేసినట్టు ప్రభుత్వ ప్రతినిధులను ఆపి క్రీడాకారులను పంపడం, ఒప్పందం ముగియబోతున్న స్పాన్సర్‌కు ఉత్తరాలు రాయడం. తర్వాతి ఆతిథ్యానికి ఓటు ఇంకా పడకపోతే, ఆ ఓటు వేసే సొంత దేశపు సంఘాన్ని నిలదీసే అవకాశం మాత్రం పూర్తిగా మిగిలే ఉంటుంది.