ఆఫీసు మారిన ఆడిటరు, పాత క్లయింట్లు: అపోహలు - వాస్తవాలు

చెన్నై టీ.నగర్‌లోని ఒక ఆడిట్ సంస్థలో ఎనిమిదేళ్లు పనిచేసి మరో సంస్థలో చేరాను. వారం తిరక్కుండానే జార్జ్‌టౌన్ నుంచి ఫోను. పప్పుల టోకు వ్యాపారం చేసే నెల్లూరు పెద్దాయన. "మీరెక్కడుంటే మా లెక్కలు అక్కడే ఆడిటరు గారూ" అన్నారు. పొంగిపోయాను, ఆ వెంటనే భయపడ్డాను.

అపోహ: "సంస్థ వదిలాక పాత క్లయింట్లకు రెండేళ్లు పని చేయను" అని ఉద్యోగ ఒప్పందంలో సంతకం పెడితే చేతులు కట్టేసినట్టే.
వాస్తవం: కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఒప్పందం ముగిశాక కొనసాగే ఆంక్ష చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అది క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు. మన జమాఖర్చులకూ సూత్రం అదే.

అపోహ: అయితే నేనే అందరికీ ఫోను చేయవచ్చు.
వాస్తవం: చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 మొదటి షెడ్యూలు పని కోసం అలా వెంటపడటాన్ని దుష్ప్రవర్తనగా చూస్తుంది. వీడ్కోలు సందేశం చివర కొత్త ఆఫీసు చిరునామా తగిలించడం కూడా, నా దృష్టిలో, పిలుపే.

అపోహ: ఆయనే కోరి వచ్చాడు, ఇక అడ్డేముంది?
వాస్తవం: ఆడిట్ ఒప్పుకునే ముందు పాత ఆడిటరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పన్ను ఆడిట్‌కూ అంతే. వివాదం లేని పాత ఆడిట్ ఫీజు బకాయి ఉంటే ఒప్పుకోకూడదు. మన పెద్దాయన రెండేళ్ల ఫీజు బాకీ! "ముందు అది కట్టండి" అన్నందుకు నెల రోజులు నాతో మాట్లాడలేదు. అప్పుడు అర్థమైంది, నా మీది అభిమానంలో ఆ బాకీ వాటా ఎంతో. చివరికి కట్టారు, గొణుక్కుంటూనే.

అపోహ: ఫైళ్లు నేను తయారుచేసినవే, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే తప్పేమిటి?
వాస్తవం: ఆడిట్ పత్రాలు సంస్థవి. అనుమతి లేకుండా డేటా కాపీ చేస్తే 2000 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం కట్టాల్సి రావచ్చు.

నేను పెన్‌డ్రైవ్ ముట్టుకోలేదు కానీ, ఫోను సంగతి మరిచాను. కొన్ని పార్టీల, అంటే పాత ఆఫీసు క్లయింట్ల, జీఎస్టీ ఖాతాల్లో ఉన్నది నా నంబరే. పాత ఆఫీసు కుర్రాడు "సార్, ఓటీపీ వచ్చిందా?" అని అడిగితే చెప్పి, సాయం చేశానని మురిసిపోయేవాణ్ణి. వాళ్ల తాళంచెవి నా జేబులోనే ఉందని తట్టడానికి రెండు నెలలు పట్టింది. ఒక ఆదివారం ఆ కుర్రాడితో ఫోనులో కూర్చుని, పదకొండు పార్టీల నంబర్లూ మార్పించాను.