మెనూలోంచి తీసేసిన పేజీ ఎక్కడికీ పోదు: వెబ్‌సైట్ మెనూలపై అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాలకు వర్డ్‌ప్రెస్, విక్స్, స్క్వేర్‌స్పేస్ వంటి సైట్ తయారీ వేదికలపై వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం, ఆ తరువాత వాటి బాగోగులు చూడడం నా వృత్తి. నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు మెనూ గురించే ఉంటాయి. "మెనూలోంచి తీసేశాం కదండీ, ఇంకా ఎలా కనిపిస్తోంది?" అని కొందరు అడుగుతారు. "మెనూ కాస్త సర్దుదామనుకున్నాం, అసలు పేజీయే పోయింది" అని మరికొందరు బాధపడతారు. పైకి వేర్వేరు ఫిర్యాదుల్లా కనిపించినా, ఈ రెండింటి వెనకా ఉన్నది ఒకే అపోహ. వ్యాపారులు ఎక్కువగా నష్టపోతున్నది దానివల్లే కనుక ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: మెనూలో ఉంటేనే పేజీ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

వాస్తవం: మెనూ అనేది లింకుల పట్టిక, అంతే. పేజీకి తన సొంత చిరునామా ఉంటుంది. మెనూలో దాని పేరున్నా లేకపోయినా ఆ చిరునామా పనిచేస్తూనే ఉంటుంది. దుకాణం ముందు బోర్డు దించినంత మాత్రాన తలుపుకు తాళం పడదు కదా! విక్స్‌లో పేజీని మెనూలో దాచే సదుపాయం ఉంది. స్క్వేర్‌స్పేస్‌లో అలాంటి పేజీలను 'నాట్ లింక్డ్' అనే విభాగంలోకి జరుపుతారు. వర్డ్‌ప్రెస్‌లో మెనూ ఐటమ్‌ను తొలగిస్తారు. ఈ మూడింటిలో ఏది చేసినా పేజీ మాత్రం అందరికీ అందుబాటులోనే ఉంటుంది.

పచ్చళ్ళ వ్యాపారం చేసే ఒకావిడ డీలర్ల కోసం టోకు ధరల పేజీ ఒకటి పెట్టించుకున్నారు. కొన్నాళ్ళకు దాన్ని మెనూలోంచి తీసేసి, ఇక ఎవరికీ కనిపించదని నిశ్చింతగా ఉన్నారు. చిల్లరగా కొనేవారు ఒకరి తరువాత ఒకరు "కిలో ఇంతకే ఇస్తున్నారట కదా, మాకెందుకు ఇవ్వరు?" అని అడగడం మొదలుపెట్టాక, తమ సైట్‌ను ఎవరో హ్యాక్ చేశారని భయపడి నాకు ఫోన్ చేశారు. తెలిసినవారు కూడా అదే మాట చెప్పి ఆవిడను మరింత బెదరగొట్టారు. హ్యాకింగ్ ఏమీ జరగలేదు. వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్‌ను, అంటే సైట్‌లోని పేజీల చిరునామాల జాబితాను, తనంతట తానే తయారుచేస్తుంది; పబ్లిష్ అయిన పేజీ మెనూలో లేకపోయినా అందులో ఉంటుంది, గూగుల్ దాన్ని చదువుకుంటుంది. పైగా అదే ధరల పట్టికను ఆవిడ పీడీఎఫ్‌గా కూడా అప్‌లోడ్ చేశారు. ఆ పీడీఎఫ్‌కు మీడియా లైబ్రరీలో (అప్‌లోడ్ చేసిన ఫైళ్ళు ఉండే చోట) వేరే చిరునామా ఉంటుంది కాబట్టి, పేజీని పూర్తిగా తీసేసినా ఫైలు మిగిలే ఉంటుంది.

కనుక ఎవరూ చూడకూడని సమాచారమైతే పేజీని డ్రాఫ్ట్‌లోకి (ప్రచురించని చిత్తుప్రతిగా) మార్చండి, లేదా పాస్‌వర్డ్ పెట్టండి. ఫైలును మీడియా లైబ్రరీలోంచి విడిగా తొలగించండి. పేజీ ఉండాలి గాని గూగుల్‌లో రాకూడదనుకుంటే నోఇండెక్స్ (ఫలితాల్లో చూపవద్దని సర్చ్ ఇంజన్లకు పేజీలో పెట్టే సూచన) అమర్చండి. దానితోపాటు సర్చ్ ఇంజన్లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో కూడా ఆ పేజీని అడ్డుకోమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే గూగుల్ ఆ పేజీని తెరవలేదు, తెరవకపోతే నోఇండెక్స్ అన్న సూచనను చదవనూ లేదు. ఇప్పటికే ఫలితాల్లో కనిపిస్తున్న పేజీని సైట్ యజమానుల కోసం గూగుల్ నడిపే సర్చ్ కన్సోల్‌లోని రిమూవల్స్ ద్వారా త్వరగా మరుగుపరచవచ్చు గాని, అది సుమారు 6 నెలల పాటు మాత్రమే పనిచేస్తుంది. ఆ లోపు అసలు పని పూర్తిచేయాలి.

ఇదే అపోహకు రెండో వైపు మరింత ఖరీదైనది. మెనూ నిండిపోయిందని పేజీలనే డిలీట్ చేసేవారు ఎందరో. మెనూ ఎందుకు నిండిందో చూస్తే, వర్డ్‌ప్రెస్‌లోని పాత పద్ధతి మెనూ సెట్టింగులలో కొత్త పేజీలను దానంతట అదే చేర్చుకునే చిన్న టిక్ ఒకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే సరిపోయేది. అది తెలియక ఒక చీరల దుకాణం వారు 'పెళ్ళి పట్టుచీరలు' అన్న పేజీని చెత్తబుట్టలో వేశారు. అప్పటికే ఆ పేజీ క్యూఆర్ కోడ్‌ను చీర పెట్టి ఇచ్చే సంచులపై అచ్చు వేయించి ఉన్నారు. పెళ్ళిళ్ళ సీజనులో ఆ కోడ్‌ను స్కాన్ చేసిన ప్రతివారికీ 404, అంటే 'పేజీ దొరకలేదు' అన్న పేజీ ఎదురైంది. అచ్చయిన సంచులను ఎవరు మార్చగలరు?

ఇలాంటి స్థితిలో ఉన్నవారు దయచేసి కంగారుపడకండి. వర్డ్‌ప్రెస్‌లో చెత్తబుట్టలో వేసిన పేజీ మామూలుగా 30 రోజుల వరకు ఉంటుంది, తిరిగి తెచ్చుకుంటే పాత చిరునామాతోనే వస్తుంది. అయితే 5.6 వెర్షన్ నుంచి అది డ్రాఫ్ట్‌గా వస్తుంది కాబట్టి మళ్ళీ పబ్లిష్ చేయాలి. ఈ ఒక్క మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోయి 'తెచ్చినా రాలేదు' అనుకుంటారు. ఆ లోపు తొందరపడి అదే పేరుతో కొత్త పేజీ చేస్తే, పాతదాని చిరునామా చివర 2 అంకె చేరి అచ్చయిన కోడ్‌తో దానికి సంబంధం తెగిపోతుంది. పేజీని నిజంగానే మానుకుంటున్నట్లయితే దాని చిరునామా నుంచి దగ్గరి పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫైలో చిరునామా మార్చేటప్పుడే రీడైరెక్ట్ పెట్టమంటారా అని ఒక టిక్ కనిపిస్తుంది, దాన్ని తీసేయకండి.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను.

అపోహ: మెనూలో 7 కంటే ఎక్కువ ఐటమ్‌లు ఉండకూడదు, ఏ పేజీ అయినా 3 క్లిక్కుల్లో రావాలి.

వాస్తవం: 7 అన్న అంకె మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో తాత్కాలిక జ్ఞాపకశక్తిపై రాసిన వ్యాసం నుంచి వచ్చింది. మెనూ కళ్ళెదుటే ఉంటుంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. క్లిక్కుల లెక్క కూడా అంతే. ఒక్కొక్క అడుగూ స్పష్టంగా ఉంటే నాలుగో క్లిక్కుకు ఎవరూ విసుగు చెందరు. తక్కువ ఐటమ్‌లు మంచివే, కాని ఆ లెక్క కోసం 'సంప్రదించండి' అన్నదాన్ని మరుగున పడేయకండి.

అపోహ: కంప్యూటర్‌లో బాగుంటే ఫోన్‌లోనూ బాగుంటుంది.

వాస్తవం: మౌస్ ఆనిస్తే తెరుచుకునే ఉపమెనూలు ఫోన్‌లో అలా తెరుచుకోవు, ఎందుకంటే అక్కడ మౌస్ లేదు. మీ ఫోన్‌లో ప్రతి ఉపమెనూనూ వేలితో తాకి చూడండి. ఫోన్ నంబరు, దుకాణం దారి మూడు గీతల గుర్తు వెనక కాక బయటే కనిపించాలి.

అపోహ: తెలుగులో మెనూ పెడితే సైట్ చెడిపోతుంది.

వాస్తవం: ఈ మాట వినగానే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దీన్ని నమ్మి తమ కొనుగోలుదారులకు అర్థంకాని మెనూలతో సరిపెట్టుకున్నవారు ఉన్నారు. మెనూ పేర్లు తెలుగులో నిక్షేపంగా పెట్టవచ్చు. వరుసల మధ్య ఎడం కొంచెం పెంచితే వత్తులు తెగవు. జాగ్రత్తపడవలసింది చిరునామా దగ్గర. 'ఉత్పత్తులు' అన్న ఒక్క మాటలో కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ లెక్కన 10 సంకేతాలున్నాయి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అతికించినప్పుడు అవి శాతం గుర్తులతో కలిపి 90 అక్షరాలుగా విచ్చుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో చిరునామాలోని ఆ భాగానికి 200 అక్షరాలే పరిమితి కాబట్టి పొడవైన తెలుగు శీర్షికతో తయారయ్యే చిరునామా మధ్యలోనే తెగిపోతుంది. మెనూలో తెలుగు, చిరునామాలో చిన్న ఇంగ్లీషు మాట పెట్టుకుంటే సరిపోతుంది.

అపోహ: థీమ్ (సైట్ రూపురేఖల నమూనా) మారిస్తే మెనూ పోతుంది.

వాస్తవం: పోదు. వర్డ్‌ప్రెస్‌లో మెనూ డేటాబేస్‌లో భద్రంగా ఉంటుంది. కొత్త థీమ్‌లో మెనూ పెట్టే చోట్ల పేర్లు మారడం వల్ల అది ఏ చోటికీ కేటాయించకుండా మిగిలిపోతుంది. మెనూల పేజీలోకి వెళ్ళి, మీ పాత మెనూను ఎంచుకుని, దాని చోటు ఎదురుగా టిక్ పెట్టి సేవ్ చేయండి. బ్లాక్ థీమ్‌కు (సైట్ మొత్తాన్నీ ఎడిటర్‌లోనే దిద్దుకునే కొత్త తరహా థీమ్‌కు) మారినవారు ఎడిటర్ లోపల నావిగేషన్ విభాగంలో చూడాలి. మొదటి నుంచి మళ్ళీ కట్టడం మొదలుపెట్టే ముందు అక్కడ ఒకసారి వెతకండి.