స్క్రూలు పైకి కనిపించే రేకుల కప్పు: అపోహలు – వాస్తవాలు

వరంగల్ చుట్టుపక్కల మిర్చి గోదాములకు, కోళ్ల షెడ్లకు, మేడ మీది షెడ్లకు రేకులు బిగించడం మా వృత్తి. బేరం మొదలవగానే వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చవకగా వస్తోందంటే రేకు నాసిరకమే.

వాస్తవం: స్క్రూలు పైకి కనిపించే మామూలు రకం, వాటిని లోపల దాచే ఖరీదైన రకం, రెండూ ఒకే చుట్ట నుంచి తీసిన ఇనుముతో చేయవచ్చు. ధర తేడా ఎక్కువగా బిగింపులో ఉంటుంది. స్క్రూలు దాచే రకంలో పలకలు సన్నగా, సాధారణంగా 300 నుంచి 500 మిల్లీమీటర్ల వెడల్పులో వస్తాయి. అతుకతుకునా క్లిప్పులు కావాలి, చాలా రకాలకు అంచులు మడిచే యంత్రం, అది తెలిసిన మనుషులు కావాలి. మామూలు రేకు ఒక్కటే దాదాపు మీటరు వెడల్పు కప్పేస్తుంది. రేకు పరిచి, తన రంధ్రం తానే చేసుకునే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూను నేరుగా పర్లిన్‌లోకి (రేకుల కింద అడ్డంగా ఉండే దూలంలోకి) దింపడమే పని. షెడ్డు వెల్డింగ్ చేసిన జట్టే కప్పు కూడా వేసేయగలదు. రేపు కోతులు గెంతి ఒక రేకు వంగినా (మన దగ్గర ఇది తప్పని లెక్కే) ఆ ఒక్కదాన్నే విప్పి మార్చుకోవచ్చు.

అపోహ: ఇన్ని రంధ్రాలుంటే కారక తప్పదు.

వాస్తవం: కారేది రంధ్రం వల్ల కాదు, బిగింపు వల్ల. స్క్రూ తల కింది రబ్బరు వాషర్ కొద్దిగా ఉబ్బాలి, అంచు దాటి పొర్లకూడదు. వంకరగా దింపినా, వదులుగా వదిలినా నీళ్లు దిగుతాయి. అయితే ఎండ సంగతి మరవకూడదు. 40 డిగ్రీల తేడాకు 6 మీటర్ల రేకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. రోజూ అలా సాగి ముడుచుకుంటుంటే ఏళ్లు గడిచేకొద్దీ రంధ్రం వదులవుతుంది, రబ్బరు గట్టిపడుతుంది. అందుకే మృగశిర కార్తెకు ముందు ఒకసారి పైకెక్కించి, పాడైన స్క్రూలు మార్పించాలి. ఆ కూలీని కూడా ఖర్చులో కలిపే లెక్క చూడండి. 30 మీటర్ల రేకును ఒకే ముక్కగా పరచాల్సి వస్తే దాచే రకమే మేలని నేనే చెబుతాను.

అపోహ: రేకు మందం తగ్గిస్తే ఇంకా ఆదా.

వాస్తవం: చెప్పే 0.50 మిల్లీమీటర్లలో రంగు, పూత కూడా కలిసి ఉండవచ్చు. లోపలి ఇనుము ఎంతో విడిగా అడగండి. అది మరీ పలుచనైతే గాలిదుమారానికి స్క్రూ చుట్టూ చిరుగుతుంది.

ఇక స్క్రూలు బయటికి ఉంటే ఇల్లు వేడెక్కుతుందనే మాటకు ఆధారం లేదు. వేడిని తేల్చేది రంగు, కింద వేసే పొర, గాలి వెళ్లే దారి. ముదురు నీలం ముచ్చటగా ఉంటుంది కానీ మే నెలలో తెలుపే హాయి.

పని ముగిసిన సాయంత్రమే పైన రాలిన ఇనుప పొడి ఊడ్పించండి. ఒక్క జల్లు పడితే చాలు, కొత్త రేకు మీద తుప్పు చుక్కలు తేలతాయి.