కారణం దొరికితే హంతకుడు దొరికినట్టేనా?

హంతకుడు ఎవరో తేలని కేసు గురించి నలుగురు మాట్లాడుకుంటుంటే వినండి. కాసేపట్లోనే మాట "అసలెందుకు చంపి ఉంటారు" దగ్గరికి వస్తుంది. ఇంకాసేపటికి "ఇది అప్పటికప్పుడు జరిగింది కాదు, పక్కా ప్లాన్" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ రెండు మాటల మధ్య ఎక్కడో ఒక మనిషి పేరు బయటికి వస్తుంది. నన్ను కలవరపెట్టేది ఆ పేరు రావడమే, ఎందుకంటే అది వచ్చే తీరు 180 ఏళ్లుగా పెద్దగా మారలేదు.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. కారణం, ఉద్దేశం, ముందస్తు పథకం మూడూ వేరు వేరు సంగతులు. ఆస్తి కోసం చంపడం కారణం. చంపాలనే తలంపుతోనే కొట్టడం ఉద్దేశం. ముందు రోజే కత్తి కొని దాచుకోవడం పథకం. హత్య రుజువు కావాలంటే కారణం తప్పనిసరిగా చూపాలని మామూలుగా కోర్టులు అడగవు, చూపిస్తే కేసుకు బలం వస్తుంది, అంతే. పథకం సంగతి ఇంకోలా మొదలైంది. 1794లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం హత్యల్ని రెండు తరగతులుగా విడదీసింది. మరణశిక్షను మొదటి తరగతికే పరిమితం చేయడానికి చేసిన పని అది, ముందే ఆలోచించి చేసిన హత్యలు అందులోకి వచ్చాయి. అంటే "ముందే అనుకున్నాడా" అనే ప్రశ్న చట్టంలోకి వచ్చింది దోషి ఎవరో కనిపెట్టడానికి కాదు, దోషి అని తేలినవాణ్ని ఉరితీయాలా వద్దా అని నిర్ణయించడానికి. బయట మనం దాన్ని తలకిందులు చేసి, పథకం ఉన్నట్టు కనిపించిన ప్రతి చోటా దోషిని వెతుకుతున్నాం.

న్యూయార్క్‌లో మేరీ రోజర్స్ అనే అమ్మాయి 1841 జులై 25న ఇంట్లోంచి వెళ్లి, మూడు రోజుల తర్వాత హడ్సన్ నదిలో శవమై తేలింది. అంతకుముందు పొగాకు దుకాణంలో పనిచేసింది కాబట్టి ఊళ్లో చాలామందికి తెలిసిన ముఖం. చవక పత్రికలు అప్పుడప్పుడే పుంజుకుంటున్న రోజులు, రోజుకో కారణం అచ్చయ్యేది. ఒకరోజు రౌడీ ముఠా, ఒకరోజు పాత ప్రియుడి అసూయ, ఇంకోరోజు పెళ్లాడబోయేవాడే. ఆ పెళ్లాడబోయేవాడు ఆ రోజు తను ఎక్కడెక్కడ ఉన్నాడో చెప్పుకున్నాడు, అక్టోబర్‌లో ప్రాణం తీసుకున్నాడు. అప్పుడు కూడా అది దుఃఖమా, తప్పు చేసిన భారమా అనే చర్చే జరిగింది. మరుసటి ఏడు అమెరికన్ కథకుడు ఎడ్గార్ అలన్ పో ఈ కేసునే పారిస్‌కి మార్చి, పత్రికల్లోని వివరాలతోనే గుట్టు విప్పుతానంటూ ధారావాహికగా రాశాడు. అది ఇంకా అచ్చవుతుండగానే, ఒడ్డు దగ్గర సత్రం నడిపే ఆవిడ చనిపోయే ముందు చెప్పిందంటూ కొత్త మాట బయటికి వచ్చింది. ఆ అమ్మాయి గర్భస్రావం చేయించుకుంటూ చనిపోయిందని. పో తన చివరి భాగాన్ని సవరించుకోవాల్సి వచ్చింది. ఆ మాట నిజమో కాదో ఇప్పటికీ తేలలేదు. కానీ ఒక్కటి గమనించండి. అది నిజమైతే అసూయ, పగ, కామం అంటూ అప్పటిదాకా జనం వెతికిన కారణాల్లో ఒక్కటీ మిగలదు, ఎందుకంటే ఆమెను చంపాలనుకున్న మనిషే లేడు.

ఇంగ్లండ్‌లోని రోడ్ గ్రామంలో 1860 జూన్ చివరలో ఒక రాత్రి కెంట్ కుటుంబంలో మూడేళ్ల పిల్లవాణ్ని చంపేశారు. దేశం నలుమూలల నుంచీ పత్రికలకు, స్కాట్లండ్ యార్డ్ అనే లండన్ పోలీసు కేంద్రానికి తమకు తోచిన సిద్ధాంతాలు రాస్తూ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. తండ్రికీ ఆయాకూ సంబంధం ఉందనీ, పిల్లవాడు చూశాడు కాబట్టి చంపారనీ చాలామంది నమ్మారు. ఆయాను అరెస్టు చేసి వదిలేశారు. డిటెక్టివ్ విచర్ మాత్రం సవతి అక్క కాన్‌స్టన్స్‌ను అనుమానించాడు. ఆమె రాత్రి దుస్తుల్లో ఒకటి కనిపించలేదు, సవతి తల్లి మీద కసి ఉంది. పెద్దింటి పదహారేళ్ల పిల్ల అలా చేస్తుందా అని జనం ఆయన మీదే విరుచుకుపడ్డారు, ఆయన పేరు దెబ్బతింది. అయిదేళ్ల తర్వాత, 1865లో, ఆమె తనంతట తానే నేరం ఒప్పుకుంది. అయినా ఊహలు ఆగలేదు, తండ్రిని కాపాడటానికే ఒప్పుకుందని ఈ రోజుకీ అనేవాళ్లున్నారు. నేరం ఒప్పుకున్న మనిషి చెప్పిన కారణం కూడా మనకు నచ్చాలన్నమాట.

1888 నాటి లండన్ వైట్‌చాపెల్ హత్యల (జాక్ ద రిప్పర్ కేసు) గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. "లెదర్ ఏప్రన్" అనే మారుపేరు పత్రికల్లో మారుమోగాక జాన్ పైజర్ అనే చెప్పులు కుట్టే మనిషిని పట్టుకున్నారు. హత్యల రాత్రుల్లో ఎక్కడున్నాడో రుజువు చేసుకుంటే గానీ బయటపడలేదు.

నేను ఎక్కువ కాలం తలమునకలైంది 1931 నాటి లివర్‌పూల్ కేసులో. విలియం హెర్బర్ట్ వాలెస్ బీమా ఏజెంటు, ఇల్లిల్లూ తిరిగి వాయిదాలు వసూలు చేసేవాడు, చదరంగం ఆడేవాడు. జనవరి 19 సాయంత్రం ఆయన ఇంకా చేరుకోకముందే చదరంగం క్లబ్బుకు ఒక ఫోన్ వచ్చింది. క్వాల్‌ట్రో అని పేరు చెప్పిన మనిషి, మర్నాడు రాత్రి 7:30కి 25 మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్ట్‌కి రమ్మని చెప్పండి, వ్యాపారం ఉంది అన్నాడు. మర్నాడు వాలెస్ ట్రామ్ మారి ట్రామ్ ఎక్కి వెళ్లాడు. నార్త్, సౌత్, వెస్ట్ ఉన్నాయి గానీ ఈస్ట్ అనే వీధే లేదు. పోలీసుతో సహా చాలామందిని అడిగి, తిరిగి వచ్చేసరికి భార్య జూలియా ముందుగదిలో తల పగిలి పడి ఉంది. ఆ ఫోన్ వచ్చింది ఆయన ఇంటికి 400 గజాల దూరంలోని పబ్లిక్ బూత్ నుంచి.

ఫోన్ చేసినవాడే చంపి ఉంటే పథకం ఉన్నట్టే, అందులో వాదన లేదు. ఆ ఫోన్ ఎవరిది? వాలెస్‌దే అయితే అది తను ఇంట్లో లేనని చూపించుకోవడానికి పన్నిన ఎత్తు. ఇంకొకరిదైతే ఆయన్ని ఇంట్లోంచి పంపించడానికి వేసిన ఎర. రెండు కథల్లోనూ ప్రతి వివరం చక్కగా ఇమిడిపోతుంది. అడ్రస్ కోసం అంతమందిని అడగడం, నమ్మేవాళ్లకు నిజాయితీ, నమ్మనివాళ్లకు సాక్షుల్ని పోగుచేసుకోవడం. శవం పక్కన ప్రశాంతంగా ఉండటం, ఒకరికి ఆయన స్వభావం, ఇంకొకరికి కరడుగట్టిన గుండె. నేను కాగితం మీద టైమ్‌లైన్ గీసుకుని పాల కుర్రాడు ఆమెను చివరిసారి చూసిన నిమిషం నుంచి వాలెస్ ట్రామ్‌లో కనిపించిన నిమిషం దాకా లెక్కవేసి, ఒకసారి ఆయనే చేశాడనీ ఇంకోసారి చేయలేదనీ అంతే గట్టిగా నమ్మాను.

కారణమే దొరకలేదు. ఆమె మీద బీమా 20 పౌండ్లు. గొడవలు పడినట్టు తెలిసినవాళ్లెవరూ చెప్పలేదు. అయినా జ్యూరీ దోషి అంది, ఉరిశిక్ష పడింది. మే నెలలో అప్పీలు కోర్టు ఆ తీర్పు సాక్ష్యాల మీద నిలవదని కొట్టేసింది, హత్య కేసులో ఆ కారణంతో ఆ కోర్టు తీర్పును కొట్టేయడం అదే మొదటిసారి. కోర్టు వదిలినా ఇరుగుపొరుగు వదల్లేదు. ఆయన ఇల్లు మారి, 1933 ఫిబ్రవరిలో జబ్బుచేసి పోయాడు. దశాబ్దాల తర్వాత పాత రికార్డుల్లో, జూలియా తన వయసు దాచిందనీ భర్త కంటే సుమారు 17 ఏళ్లు పెద్దదనీ బయటపడింది. ఇంకేముంది, దాన్నే కారణంగా పట్టుకున్నవాళ్లు తయారయ్యారు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో, తెలిస్తే బాధపడ్డాడో లేదో చూపే ఆధారం ఏమీ లేదు. ఖాళీగా ఉన్న చోట ఒక కొత్త వివరం దొరికితే చాలు, అది కారణమైపోతుంది. అదే బీమా కంపెనీలో అంతకుముందు పనిచేసిన, డబ్బు లెక్కల్లో తేడా చేసిన యువకుడి మీద ఇంకో సిద్ధాంతం నడిచింది, అతని పేరు రేడియోలో బాహాటంగా చెప్పింది అతను చనిపోయాకే.

ఇప్పుడు సీసీ కెమెరాలు, ఫోన్ లొకేషన్లు వచ్చాయి. 2022 నవంబర్ 13న అమెరికాలోని ఐడహో రాష్ట్రం మాస్కో పట్టణంలో నలుగురు విద్యార్థుల్ని కత్తితో పొడిచి చంపారు. డిసెంబర్ 30న ఒకతను అరెస్టయ్యేదాకా ఆ ఏడు వారాలూ జనం ఊహలు ఏ పద్ధతిలో సాగాయో పాత పత్రికలు చదివినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. మాజీ ప్రియుడు, వీడియోలో కనిపించిన హుడీ కుర్రాడు, ఆ విద్యార్థులు చదివిన యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పే ఒక ప్రొఫెసర్. ఆ ప్రొఫెసర్ మీద ఆరోపణకు ఆధారం జోస్యం చెప్పే టారో కార్డులు. ఆవిడ పరువునష్టం దావా వేసి గెలవాల్సి వచ్చింది.

ఈ కేసులో పథకానికి ఆధారాలు దొరికాయి. కత్తి నెలల ముందే ఆన్‌లైన్‌లో కొన్న రికార్డు ఉంది, అరెస్టయిన అతని ఫోన్ అంతకుముందు చాలాసార్లు ఆ ఇంటి చుట్టుపక్కల తిరిగినట్టు తేలింది. అతను అప్పట్లో నేరశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి. 2025 జులైలో నేరం ఒప్పుకున్నాడు, నాలుగు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఆ నలుగురినీ ఎందుకు ఎంచుకున్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, వాళ్లకు అతనితో పరిచయం ఉన్నట్టు కూడా పోలీసులకు దొరకలేదు. శిక్ష వేసే రోజు మాట్లాడతావా అని జడ్జి అడిగితే, మాట్లాడనన్నాడు.